ఎడమ భుజం

ఐదో నెల. మిర్చి యార్డులో తొడిమలు తీసిన వేళ్ళు
మూడుసార్లు కడిగినా మండుతున్నాయి.
నల్లచెరువు ఆరోగ్య కేంద్రంలో
జాకెట్ చెయ్యి పైకి మడవాలా వద్దా అని
నాలో నేనే తగువు.

"లోపల బిడ్డకేమన్నా అయితే?"

ఖైరున్నీసా సిస్టర్ సూది పక్కన పెట్టింది.
"ఇది ధనుర్వాతం రాకుండా.
నీ ఒంట్లో పుట్టిన కాపుదల
బొడ్డుతాడు దాటి బిడ్డకీ చేరుద్ది.
చెయ్యి రెండ్రోజులు సలుపుద్ది, అంతే."

అప్పటిదాకా గోడ చూస్తున్న మా అత్త సువార్తమ్మ
నా జాకెట్ చెయ్యి తనే మడిచింది.
"నా తొలిచూలు
ఎనిమిదో రోజుకి రొమ్ము పట్టడం మానేశాడు.
దవడలు బిగిసి, విల్లులా వంగిపోయి...
గాలి సోకిందన్నారు.
బొడ్డు కోసిన కొడవలి సంగతి
ఎవరూ అడగలా.
వాడికి పేరే పెట్టలేదు.
ఆ చావుకి పేరుందని ఇవాళే తెలిసింది."

చీమ కుట్టినంత.

బయట ఘాటుకి ఇద్దరం తుమ్మాం.
ఆమె కళ్ళు కారానికే తడిశాయని
ఇద్దరం ఒప్పుకున్నాం, మాట్లాడకుండానే.

రాత్రి ఎడమవైపు ఒత్తిగిలలేకపోయాను.
సలిపే చోట అరచెయ్యి వేసుకుంటే
కడుపులోంచి చిన్న తన్ను.
అందిందనో,
ఆకలనో.