ఒక్క చుక్క

కెమిలో డిసెంబరు.
మధ్యాహ్నం రెండింటికే దీపాలు పెట్టేస్తాం.
గడ్డకట్టిన సముద్రం ఒడ్డున నా కొట్టు.
బాగుకొచ్చిన కుట్టుమిషన్లు నలభై ఒకటి,
బాగుచేసేదాన్ని నేనొక్కదాన్నే, ఔలిక్కిని.

మూల బల్ల మీద ముసలి కంప్యూటరు.
మీట నొక్కి, కాఫీ కాచుకుని, తాగి, కప్పు కడిగి వస్తే
అప్పటికి కళ్ళు తెరుస్తుంది.
అందులో మా వెబ్‌సైటు:
దేశంలోని మిషన్ల మెకానిక్కులం
పద్దెనిమిదేళ్ళుగా వాదించుకుంటున్న చోటు.
బూడిదరంగు గీతలు, నీలం అక్షరాలు,
అడుగున పేజీల అంకెలు, బాబిన్ల వరసలా.
రెండువందల పద్నాలుగో పేజీలో తాయిస్తో ఉంటాడు.
పోయి ఆరేళ్ళయింది.
అయినా అక్కడ నాతో పోట్లాడుతూనే ఉన్నాడు,
నూనె ఎంత పొయ్యాలన్న దాని మీద.
"ఒక్క చుక్క చాలు ఔలిక్కీ.
రెండో చుక్క మిషనుకి కాదు, బట్టకి పోస్తున్నావు."

మొన్న ఆకులు రాలే రోజుల్లో మా చెల్లెలి కొడుకు యెరె
నా ఫోన్లో యాప్ దించి పెట్టాడు.
"అదే చోటు పెద్దమ్మా, దారి దగ్గర, అంతే."
అరచేతిలో వైకుంఠం అంటే ఇదే కాబోలనుకున్నాను.
వైకుంఠానికి గంట ఉంటుందనుకోలేదు.
సూదిలో దారం ఎక్కిస్తుంటే ఠింగ్‌మంటుంది,
నోట్లో చెంచా పెట్టుకుంటే ఠింగ్‌మంటుంది,
మూలన ఎర్ర చుక్క
తుడిచినకొద్దీ ఊరుతుంది.
మూడు వాక్యాలు చూపి "ఇంకా" అంటుంది.
ఇవాళ్టి మాటలు పైన, నిన్నటివి కింద,
ఇంకా కిందికి వేలితో లాగితే
ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది.
తిరుగుతూనే ఉంటుంది.
రెండువందల పద్నాలుగు లేదు.
అసలు పేజీలే లేవు.
తాయిస్తోని ఏ అరలో పెట్టారని యెరెని అడిగితే
తాయిస్తో ఎవరన్నాడు.

తీసేద్దామనే అనుకున్నాను.

పన్నెండో తేదీ రాత్రి మంచు బరువుకి తీగలు తెగి
వీధంతా చీకటి.
కంప్యూటరు ఒక నల్ల పెట్టె.
దుప్పటి కింద ఫోను, పదకొండు శాతం ప్రాణంతో, ఠింగ్‌మంది.
సోదన్‌క్యులా నుంచి ఎవరో నెల్లి. కొత్త పేరు.
"కుట్టు తప్పుతోంది. సూది మార్చాను. దారం మార్చాను.
పొద్దున్న ఎనిమిదికి మావాడు బళ్ళో ఎలుగుబంటి.
ఎలుగుబంటికి ఇంకా వీపు లేదు.
ఎవరైనా మేలుకుని ఉన్నారా?"

వెబ్‌సైటు ఎవర్నీ లేపదు. దాని మర్యాద అది.
నేను కాఫీతో అక్కడికి చేరేసరికి తొమ్మిదయ్యేది.
వీపు లేని ఎలుగుబంటి పాట పాడేసి ఇంటికెళ్ళిపోయేది.

మొద్దుబారిన బొటనవేలితో కొట్టాను:
"కొకెం దగర ఒక చుక నూనె. ఒకటే చుక."
తొమ్మిది శాతం. ఏడు.
అవతల మూడు చుక్కలు కదిలాయి, ఎవరో రాస్తున్నట్టు,
ఆగాయి. మళ్ళీ కదిలాయి.
దుప్పటి గుడారంలో నేను, నీలం వెలుతురు,
నా ఊపిరి పొగ.
ఆ తర్వాత ఒక ఫొటో:
గోధుమరంగు బొచ్చు మీద తిన్నని కుట్టు. ఒక చెవి వంకర.
ఫోను ఆరిపోయింది.

కరెంటు మూడో రోజుకొచ్చింది.
కంప్యూటరు నిద్ర లేచేదాకా అక్కడే నిలబడ్డాను,
కాఫీ కూడా పెట్టుకోలేదు.
తొమ్మిదివందల ఎనిమిదో పేజీ చివర
నెల్లి ప్రశ్న, కింద నా తప్పులతడక,
ఆ కింద ఫొటో, పెద్దదిగా.
ఫోన్లో కనపడలేదు గానీ
వంకర చెవిని ఒక చిన్న చెయ్యి పట్టుకుని ఉంది,
అర్ధరాత్రి దాకా నిద్రపోని చెయ్యి.

"ఒకటే చుక" నా మాట కాదని నెల్లికి తెలియదు.
వెనక్కి నడిచాను. ఏడువందలు, నాలుగొందల పది,
రెండువందల పద్నాలుగు.
ఉన్నాడు.
ఆ పేజీ చిరునామా ఆమెకు పంపాను.
తెరుస్తుందో లేదో. ఆమె ఫోన్లో అది
చీమల్లాంటి అక్షరాలతో పక్కకి జారిపోతుందని తెలుసు.

సాయంత్రం యాప్ అడిగింది:
మేం నచ్చామా? ఎన్ని చుక్కలిస్తారు?
తెర మీద వరసగా అయిదు, ఖాళీగా.
ఒక్కటి నొక్కాను.
ఒక్కటి చాలన్నవాడి లెక్కలో అదెంత మెప్పో
దానికెలా చెప్పను.
అయ్యో, ఏం తప్పు జరిగిందని
ఇంకా అడుగుతూనే ఉంది.