పట్టకారు

బుధవారం, మూడో పీరియడ్, నైతిక విద్య.
గోడ మీద నా చేతిరాతే:
నిజాయితీ, ధైర్యం, కరుణ.
ఏప్రిల్‌లో అంటించాను. మూలలు లేచిపోయాయి.
కిటికీలోంచి షిరనుయి సముద్రం,
ఏ పాపం ఎరగనట్టు.

షిజునో గారికి డెబ్బై ఆరేళ్లు.
ఆవిడ కూచున్నా చేతులు కూచోవు,
ఒడిలో, గట్టున పడ్డ చేపల్లా.
"నవ్వొస్తే నవ్వేయండి," అన్నారు,
"బిగబట్టుకుంటే నా మాట వినబడదు."
ఇద్దరు నవ్వారు.

పిల్లలు ప్రశ్నలు రాసుకొచ్చారు:
కార్ఖానా గొట్టం, పాదరసం,
గిరగిరా తిరిగి నీళ్లలో పడ్డ పిల్లులు.
అవన్నీ పాఠంలో ఉన్నవే.
ఆవిడ అక్కడ మొదలుపెట్టలేదు.

"మాది కిరాణా కొట్టు. నాకప్పుడు ఎనిమిదేళ్లు.
పొరుగింటి ఫుమికి మాట పడిపోయింది,
కాళ్లు మెలిపడ్డాయి. అంటురోగమన్నారు.
ఆ వాకిలి ముందు ఊపిరి బిగబట్టి పరిగెత్తేవాళ్లం.
ఎవరెక్కువసేపు బిగబడతారో పందెం.
నేనే గెలిచేదాన్ని.

ఫుమి వాళ్లమ్మ ఉప్పుకొస్తే
నాన్న గడప దాటనిచ్చేవాడు కాదు.
డబ్బులు బయట నేల మీద పెట్టేది.
తీయడం నా పని.
బొగ్గుల పట్టకారుతో ఒక్కొక్కటే పట్టి
మరిగే నీళ్లలో వేసేదాన్ని.
టంగుమనేది.
నాకా చప్పుడంటే ఇష్టం. అదీ చెప్పాలి మీకు.
ఆవిడ చూస్తూ నిలబడేది.
ఉప్పు పొట్లం విసిరితే
నడుం వంచి నమస్కరించి వెళ్లేది.

రెండేళ్లకు నా చేతిలోంచి గిన్నె జారింది.
మర్నాడు చెప్పు తొడుక్కోలేకపోయాను.
మేమూ అదే సముద్రం తిన్నాం కదా.
కొట్టుకు జనం రావడం మానేశారు.
ఒక సాయంత్రం ఫుమి వాళ్లమ్మ వచ్చింది.
ఫుమి అప్పటికి లేదు.
గడప దాటింది. నా అరచేయి విప్పింది.
పది యెన్ల బిళ్ల పెట్టి
జారిపోకుండా నా వేళ్లు మూసి
కాసేపు అలాగే పట్టుకుంది.
'ఉప్పు' అంది."

రెంజి చెయ్యెత్తాడు.
"మీరు క్షమాపణ అడిగారా?"
"లేదు. ఆ రోజు ఉప్పు కాస్త మొగ్గుగా తూచాను.
అడగాలని బుద్ధి పుట్టేసరికి ఆవిడ పోయింది.
అందుకే బళ్లన్నీ తిరుగుతున్నాను.
మీకు నేర్పడానికని వీళ్లనుకుంటారు."
వీళ్లంటే, నేను.

భోజనం గంట. వడ్డన వంతు నాగిసాది:
తెల్ల టోపీ, మాస్కు, చేతిలో రొట్టెల పట్టకారు.
వరుసలో అయిదోవాడు సుబారు.
మోచేతుల దాకా పొలుసులు లేచిన చర్మం.
అంటదని డాక్టరిచ్చిన చీటీ నా సొరుగులో ఉంది.
వాడందించే కాగితాలను మిగతావాళ్లు
కొసలు పట్టుకుని లాక్కోవడం
ఏడాదిగా చూస్తున్నాను.
చూసి, హాజరు వేసుకుంటున్నాను.

నాగిసా ఆగింది. వరుస ఆగింది.
రొట్టెను చేత్తో ముట్టకూడదు, అది బడి నియమం.
పట్టకారుతోనే పెట్టింది.
కాని సుబారు పళ్లాన్ని ఇటునుంచి తనూ పట్టుకుంది,
బొటనవేళ్లు తగిలేదాకా.
ఏమో, నాకలా కనిపించిందేమో.

షిజునో గారిని గేటు దాకా సాగనంపాను.
దారి ఖర్చుల కవరిచ్చాను,
రెండు చేతులతో, వంగి, మర్యాదగా.
కారు మలుపు తిరిగాక గుర్తొచ్చింది:
నా వేళ్లు కవరు చిట్టచివరి అంచున ఉన్నాయి.

నివేదికలో ఒక గడి ఉంటుంది,
'నేటి పాఠంలో పిల్లలు సాధించిన విలువ'.
పిల్లలందరూ వెళ్లిపోయారు.
పెన్ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని
ఆ వేళ్లనే చూస్తూ కూచున్నాను.