పడవ ఒకటి తక్కువ

నరసాపురంలో పంటు దిగితే ఎడమ పక్కనే పుస్తకాల కొట్టు.
ఖాళీ చేసేస్తున్నారట.
పద్దెనిమిది వందల ఆటపెట్టె ఆరొందలకే.
ఎందుకండీ అంత తక్కువ? అంటే
కామేశం గారు మూత తీసి చూపించారు.
నాలుగు పడవలుండాలి, మూడే ఉన్నాయి.

ఆటేంటంటే, ఒక లంక. చుట్టూ నీళ్లు.
ముక్క తిప్పినప్పుడల్లా నీరొక మెట్టెక్కుతుంది.
ఒకరి మీద ఒకరికి పోటీ లేదు,
మునిగితే అందరూ, గట్టెక్కితే అందరూ.
నవ్వొచ్చింది.
మొన్న ఆషాఢంలో మూడో హెచ్చరిక దాకా
ఊరంతా ఊరికే ఆడాం కదండీ ఇది!

ఆరొందలు.
అమ్మాయికి స్కూలు బూట్లొస్తాయి.
లేదా పులస వాసనొస్తుంది.
అసలు మా ఇంట్లో అష్టాచెమ్మాకే
గవ్వలు చూరెక్కుతాయి.
హేమలత ఓడదు, అమ్మాయి ఒప్పుకోదు.
అందరం ఒకే వైపు కూర్చోవడం మాకొచ్చా?

ముగ్గురైనా ఆడొచ్చు, అన్నారాయన,
నలుగురైతేనే రక్తి.

నాలుగోవాడు వరాలు, మా తమ్ముడు.
బోదె తగువు నుంచీ
ఒకే పంటు మీద వాడో చివర, నేనో చివర.
ఆ వరదలో మాత్రం
మా డాబా దగ్గరకొచ్చింది వాడి నావే.
మాట్లాడకుండా ఎక్కాం.
మాట్లాడకుండా దించాడు.

ఆలోచించుకుంటానని రేవు దాకా నడిచాను.
చిప్పపెంకొకటి కాలికి తగిలింది.
గోటితో అంచు గీకుతూ
పంటు పోనిచ్చి వెనక్కొచ్చాను.

ఆ మూత ఇంకోసారి తియ్యండి కామేశం గారూ,
ఇది పడుతుందేమో చూద్దాం.