లెక్క పుస్తకం

జూలై. మిల్‌డ్యూరాలో చలికాలం.
ఆకు రాలిన ద్రాక్షతోట
ఎవరో విప్పబోయి విసుగుపుట్టి వదిలేసిన తాళ్ళ చిక్కులా ఉంది.
అందరి చేతుల్లో కత్తెరలు,
నా చేతిలో పెన్సిలు.
ఎవరు ఎన్ని మొదళ్ళు కత్తిరించారో రాసేది నేనే.

ఆదివారం, అద్దెకు తీసుకున్న బడి హాల్లో
సంఘపెద్ద యోనాతాను గారు చెప్పారు
వల్లిలో నిలిచి ఉండటమంటే ఏమిటో.
అబద్ధమెందుకు, నాకు కన్నీళ్ళొచ్చాయి.
తర్వాత పులిహోర, కోడికూర, కుర్చీలు మడవటం.
సోమవారం ఆయనే కాంట్రాక్టరు.
"ఆ వనువాటు కుర్రాడికి నూట డెబ్బై వెయ్యమ్మా, చాలు.
వాడేమన్నా లెక్కపెట్టుకుంటాడా?"

కల్మెట్ కత్తిరించినవి రెండు వందల పన్నెండు.
చూశాను.
ఒకటి పక్కన ఏడు రాసింది నా చెయ్యే.
సున్నా గుండ్రంగా రావాలని
జాగ్రత్తపడింది కూడా నా చెయ్యే.

సాయంత్రం కోసిన పుల్లలు పాత డ్రమ్ములో వేసి
మంట పెట్టారు. చేతులు కాచుకుంటున్నాం.
టోంగా ఆవిడ మెలే అడిగింది,
పిల్లాడి లెక్క తగ్గిందేమిటని.
నాకు తెలీదన్నాను.
ట్రాక్టరు నడిపే ముసలి డెస్మండ్ అడిగాడు,
పుస్తకం నీ దగ్గరే కదా అని.
ఆయన చెప్పింది రాస్తానంతే, అన్నాను.
కల్మెట్ ఏమీ అడగలేదు.
మంటకి అవతల నుంచి ఊరికే చూశాడు.
తెలీదు, అన్నాను, అడగనిదానికి కూడా.

కోడి కూయలేదు.
ఇక్కడ ఆ పని కూకబర్రాది.
అది కూయదు,
నవ్వుతుంది.

మా నాయనమ్మ ఎలీసమ్మకి అక్షరం రాదు.
వాక్యమంతా చెవిలో దాచుకుంది.
మిరపకోతల్లో బస్తాల లెక్క
వేలి కణుపుల మీద పెట్టుకునేది.
కామందు కాగితం మీద ఎప్పుడూ
రెండు కణుపులు తక్కువే ఉండేవి.
"ఎగ్గొట్టిన కూలి ఊరుకోదే, పైకి కేకేస్తది" అనేది.
నన్ను బడికి తోలింది అందుకే,
రాసేవాళ్ళలో మనదీ ఒక చెయ్యి ఉండాలని.

రాత్రి కారవాన్‌లో దుప్పటి కప్పుకుని విన్నాను.
ఫ్రిజ్ గరగర. హైవే మీద లారీలు.
కేక ఏదీ వినపడలేదు.
ఆవగింజంత ఉన్నా కొండ కదులుతుందంటారు.
నా కొండ ఎంతో కూడిక తీసివేతల్లో తేలిపోయింది:
నలభై రెండు మొదళ్ళు.
అదీ కదలటం లేదు.
నా వీసా కాగితం మీద యోనాతాను గారి సంతకం కావాలి.
అది కూడా ఇక్కడ రాయాలి,
లేకపోతే ఇదీ తప్పుడు లెక్కే అవుతుంది.

తెల్లవారి గడ్డంతా మంచు పట్టి కరకరలాడుతోంది.
అదే డ్రమ్ము, అదే మంట.
మెలే రేకు మీద రొట్టె కాల్చి
కల్మెట్‌కి ఇచ్చింది, తర్వాత నాకు.
నిన్నటి మాట ఎత్తలేదు.
వేడి రొట్టె గొంతులో
ఎంతసేపటికీ దిగలేదు.

డెస్మండ్‌ని పెన్ను అడిగాను.
రబ్బరుతో చెరపలేదు.
నూట డెబ్బై మీద అడ్డంగా గీత గీసి
పక్కన రెండు వందల పన్నెండు రాశాను,
కొట్టేసింది కూడా కనపడేలా.
కల్మెట్‌ని పిలిచి చూపించాను.
వాడు వేలు పెట్టి ఒక్కో అంకె చదువుకున్నాడు.
వాడికి లెక్క వచ్చు.
మొదట్నుంచీ వచ్చు.

గేటు దగ్గర తెల్ల బండి ఆగింది.
చలికోటు గుండీలు పెట్టుకుంటూ
యోనాతాను గారు ఇటే వస్తున్నారు.
వందనాలండీ, అన్నాను ఎప్పటిలాగే.
గొంతు వణికింది.
పుస్తకం మాత్రం మూయలేదు.