కుట్టుకూలి

వోల్గా మీద మంచు ఫెళఫెళా పగిలిన వారానికి
బెజాన్ దొర వచ్చేవాడు, చంకలో అదే కోటు.
"శుషానిక్, ఈ ఏడు కొండ దాటుతున్నాం.
నడుం దగ్గర కాస్త వదులు చెయ్యి."

పంతొమ్మిదేళ్ల నడుముకి కొలిచిన
పట్టాభిషేకపు కోటు అది.
కుట్లు విప్పినప్పుడల్లా
లోపలి మడతల్లో ఎరుపు ఇంకా కొత్తగానే ఉండేది,
ఎండ తగలని చోట.

కూలి అడిగితే కాగితం రాసిచ్చేవాడు,
ఉంగరం లక్కలో అద్ది.
అలా ఇప్పుడు నాకు ఆ కొండల్లో నాలుగు ఊళ్లు,
ఓ ద్రాక్షతోట,
వంతెన పక్కన నీటిమర.
ఇక్కడేమో అద్దె కట్టలేక రెండుసార్లు కొట్టు మార్చాను.

ఒక్కసారి మాత్రం నిజంగానే వెళ్లాడు.
పన్నెండు గుర్రాలు. అందులో ఏడు అప్పువి.
చలికాలం చివర చేపలబండి మీద తిరిగొచ్చాడు,
కుడిచేతికి రెండు వేళ్లు లేవు.
ఆస్త్రఖాన్‌లో ఎవరూ ఏమీ అడగలేదు.
గుండీలు తీసేసి కొక్కేలు పెట్టమన్నాడు, అంతే.
ఆ ఏటి కాగితం ఎడమచేత్తో రాశాడు.
ఊరి పేరు ఇప్పటికీ కూడబలుక్కోలేను.

పోయినప్పుడు కోటు మళ్లీ బిగించాల్సొచ్చింది,
దాదాపు మొదటి కొలతకి.

నిన్న బజారులో అక్రోట్లమ్మే కుర్రాడిది
అచ్చం ఆయన యాస.
వంతెన పక్కన మర ఉందా అన్నాను.
"ఉంది. మా మేనమామే ఆడిస్తాడు.
వరదకి రాళ్లు కొట్టుకొస్తే ఆగుతుంది.
నీకెలా తెలుసు అవ్వా?"

బేరమాడకుండా రెండు వీశెలు కొన్నాను.
తూకంలో వేలు ఆనించాడు. చూశాను.
మా ఊరివాడే కదా,
ఊరుకున్నాను.