రొట్టెకంటే ముందు

ఇంజను ఉండాల్సిన చోట
కోడి గుడ్లు పెట్టింది.
అందుకే గురామ్ ఆ మోటారుసైకిలు ఫ్రేమును
పాత ఇనుము ధరకే ఇచ్చాడు.
"గుడ్లు మాత్రం నావి" అన్నాడు.
తూకం వేసేటప్పుడు కోడిని దింపలేదు.

రుస్తావి ఉక్కు కర్మాగారంలో
ఇరవై మూడేళ్ళు క్రేను నడిపాను నేను.
కరిగిన ఉక్కు నిండిన బాల్చీని
నిండు చూలాలిని గుమ్మం దాటించినట్టు దాటించేదాన్ని.
నెమ్మదే నా ఉద్యోగం.
తర్వాత కొలిమి చల్లారింది,
నెమ్మదితో ఎవరికీ పని లేకపోయింది.

మూడు రోజులు తుప్పు గీకాను.
నీలం కింద ఎరుపు, ఎరుపు కింద ఇంకో నీలం.
హ్యాండిలు మెడ దగ్గర
ఎవరిదో పాత వెల్డింగు అతుకు బయటపడింది,
చేయి వణికిన మనిషిది.
అక్కడక్కడా ముద్దలు,
మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకున్నంత ఖాళీ.
తాగి అతికాడో, చలిలో అతికాడో.
గ్రైండరు ఆన్ చేశాను.
ఆపేశాను.
అటూ ఇటూ కొత్త పట్టీలు వేసి బలం ఇచ్చి
దాన్ని మాత్రం అలాగే వదిలేశాను.

మేనల్లుడు బాద్రి త్బిలిసిలో లాప్‌టాప్‌లు బాగుచేస్తాడు.
చచ్చినవాటి పొట్టలు కోసి
నూట డెబ్భై సెల్లులు సంచిలో పోసి పంపాడు.
గుడ్డును దీపానికి పట్టి చూసినట్టు
ఒక్కొక్కదాన్నీ మీటరుకు పట్టి చూశాను.
మురిగినవి ఇటు, బతికినవి అటు.
ఎనభై మిగిలాయి.
ఇరవై వరసలు, వరసకు నాలుగు.
నికెల్ పట్టీ అతుకుతుంటే ప్రతి చుక్కకీ ఒక చిటుకు,
పెనం మీద పేలాలు విచ్చుకున్నట్టు.
డెబ్భై రెండు వోల్టులు, ఆషామాషీ కాదు.
పెళ్ళి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాను.
మళ్ళీ పెట్టుకోవడం
ఇప్పటికీ మరిచిపోతూనే ఉన్నాను.

మోటారు వెనక చక్రం బొడ్డులోనే ఉంటుంది.
దాని ఉరవడికి ఇరుసు తిరగబడకుండా
రెండు ఉక్కు చేతులు కోసి బిగించాను,
మా కర్మాగారం పలకతోనే.
ఎక్కడ దొరికిందని అడగొద్దు.

పొరుగింటి నానూలి మాత్రం అడిగింది, వేరే సంగతి.
"పొగగొట్టం ఏది?"
లేదు.
"చప్పుడు?"
లేదు.
"చప్పుడు లేనిది బండెలా అవుతుందే, లామారా?
వస్తున్నావని జనానికి ఎలా తెలుస్తుంది?"

మార్చి నెల, తెల్లవారుజాము.
మ్త్క్వరి మీంచి మంచు ఇంకా లేవలేదు.
పిడి మెలితిప్పాను.
ఏమీ కాలేదు.
ఇంకొంచెం తిప్పాను.
ఎవరో కాళ్ళ కింద చాప లాగినట్టు
రోడ్డు వెనక్కి పోయింది.
నలభై. అరవై.
బస్సులో ఒక కునుకు తీసేంత పొడుగు
మా కర్మాగారం ప్రహరీ.
ఒక్క తుమ్ములో అయిపోయింది.
గేటు దగ్గరి కుక్కలు
నేను దాటాక మొరిగాయి,
నిన్నటి ఉత్తరానికి ఇవాళ జవాబు రాసినట్టు.
తొంభై ఒకటి.
వణికిన చేతివాడి అతుకు
నా రెండు చేతుల మధ్య గట్టిగా నిలబడింది.
కళ్ళలో నీళ్ళు.
గాలికి. గాలికే.
క్రేను గదికి అన్ని వైపులా అద్దాలే,
ఇరవై మూడేళ్ళలో
ఒక్కసారైనా నాకు గాలి తగల్లేదు.

జుంబర్ కొట్టు ముందు బ్రేకు వేశాను.
"ఇంకా కాలలేదు" అన్నాడు మోచేతుల దాకా పిండితో.
"ఎప్పుడూ రొట్టె అయిపోయాక వచ్చేదానివి,
ఇవాళేంటి?"
జవాబు చెప్పబోయాను, మాట రాలేదు,
నోరు ఇంకా గోడ దగ్గరే ఉండిపోయినట్టుంది.
బ్యాటరీ పెట్టె మీద చేయి పెట్టి చూశాను.
వెచ్చగా ఉంది,
కోడి అప్పుడే లేచి వెళ్ళిన గూడులా.
లోపల
మట్టి పొయ్యి గోడకు
పిండి అంటించిన చప్పుడు.
ఇంకోటి.
ఇంకోటి.