తెగేదాకా

జక్కూరు. గడ్డి మీద ఇంకా మంచు.
తీగకు ఆ చివర, కిలోమీటరు అవతల,
నాకన్నా పదకొండేళ్లు పెద్ద గ్లైడరు:
చెక్క పక్కటెముకలు, గుడ్డ చర్మం.
నిన్న యతిరాజులుగారు వేలికణుపుతో తట్టి తట్టి
ఎక్కడా జిగురు వదల్లేదని
చెవితోనే తేల్చారు.

"తెగేదాకా లాగకే" అనేది అమ్మ, ప్రతి గొడవకీ.
ఇక్కడ తెగడానికనే ఒక లింకు కడతాం.
కొత్తవాటికి నల్లది. దీనికి తెల్లది,
సగం లాగుడికే తెగేది.

జెండా ఊగింది.
వించి గొంతు సవరించుకుంది.
పాలు పైకొస్తుంటే మంట తగ్గించినట్టు
అది ఎక్కేకొద్దీ
థ్రాటిల్ వెనక్కి, ఇంకాస్త వెనక్కి.

తీగ రాలింది. పైన చప్పుడే లేదు.

లింకు తుడిచి ఎండకెత్తి చూశాను.
వెంట్రుకంత గీత.
ఇంకో తెల్లది తెమ్మన్నాను.